పైపు ఊదితేనే బండి

ఔటర్ రింగ్ రోడ్డు 13వ ఎగ్జిట్‌లో దిగితే రావిర్యాల. సాయంత్రం ఆరు దాటాక ఇక్కడి సర్వీసు రోడ్డు మీద వండర్‌లా నుంచి తడి జుట్టుతో తిరిగిపోయే సిటీ కుటుంబాలు, ఎయిర్‌పోర్టుకు రాత్రి డ్యూటీకి బయల్దేరే క్యాబ్ డ్రైవర్లు ఎదురెదురుగా వస్తుంటారు. ఈ సంవాదం ఆ డ్రైవర్లలో ఒకడి గురించి. పేరు అక్కర్లేదు. ముప్పై నిండలేదు, కారు మీద ఇంకా కిస్తీలున్నాయి, డ్రంక్ అండ్ డ్రైవ్‌లో రెండోసారి దొరికాడు. వాడి కోసం వాదించుకున్నవాళ్లు ఇద్దరు. ఒకరు వాడి పెదనాన్న, ఆర్టీసీ డిపోలో కంట్రోలర్‌గా చేసి రిటైరైన మనిషి. ఇంకొకరు ఆ పెద్దాయన మేనకోడలు, ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టులో వకీలు. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యన స్టూలు మీద కేసు కాగితాలు. నేను వినడానికి కూర్చున్నవాణ్నే. కానీ వినేవాడికీ ఒక పక్షం ఉంటుంది, దాన్ని దాచే ఉద్దేశం లేదు.

వకీలు: రీడింగ్ 86 వచ్చింది మామా. వంద మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు దాటితే నేరమే. కాదని వాదించేందుకు ఏమీ లేదు, ఒప్పుకోవాలె. రెండోసారి గనక 185 సెక్షన్ కింద రెండేండ్ల దాకా జైలు, లేకుంటే పదిహేను వేల జుర్మానా, లేకుంటే రెండూ. నేను అడుగుదామనుకునేది వేరే. జైలుకు పంపకుండ ప్రొబేషన్ మీద వదలండి, షరతుగా కారుకు ఇంటర్‌లాక్ పెట్టించండి అని.

మామ: అదేం తాళం?

వకీలు: సెల్‌ఫోనంత డబ్బా. డ్యాష్‌బోర్డు కింద బిగిస్తరు, స్టార్టర్ వైరుకు కలుపుతరు. బండి ఎక్కంగనే పైపుల ఊదాలె. ఊపిరిల ఉన్న మందు లోపల ప్లాటినం పూత ఉన్న సెల్‌కు తగిలితే చిన్న కరెంటు పుడతది. మందు ఎంతుంటే కరెంటు అంత. హద్దు దాటిందంటే స్టార్టర్ తిరగదు. మనోడు కిస్తీ కట్టుకుంటడు, కారు నడుపుకుంటడు, తాగిన రోజు మాత్రం కారు లేవదు.

మామ: ఇంతేనా! నేను సర్వీసంతా చేసిన పనే గదా ఇది. పొద్దున నాలుగింటికి డిపో గేటు కాడ కుర్చీ వేసుకొని కూసునేది. డ్యూటీ ఎక్కే ప్రతోడు ఊది పోవాలె. వాళ్ల ఏషాలు నువ్వు చూడలే. ఒకడు బుగ్గలు ఉబ్బిస్తడు గాని గాలి వదలడు. ఒకడు ఉల్లిగడ్డ కొరుక్కుంట వస్తడు. ఇంకొకడు, సార్, హోమియో మందు సార్, అంటడు. ఆ హోమియో మాట నిజం కూడ కావచ్చు, కొన్నిట్ల స్పిరిట్ ఉంటది. ఊదిన రీడింగ్ ఒక్కటి పట్టుకొని డ్రైవర్ నౌకరి తీసేసుడు చెల్లదని మన హైకోర్టే చెప్పింది గదా మొన్న.

వకీలు: 2025లో చెప్పింది. రక్తపరీక్ష చెయ్యకుండ తీసేసిన్రని. కానీ అది నౌకరి తీసే సంగతి. నేను అడిగేది బండి లేవకపోవుడు. తప్పు రీడింగ్ వస్తే నోరు పుక్కిలించి కొంచెంసేపు ఆగి మళ్లీ ఊదుతడు. పోయేది పది నిమిషాలు.

మామ: సరే. ప్రొబేషన్ అంటే పిల్ల దొంగలకు ఇచ్చేది కాదా?

వకీలు: అందరూ అట్లనే అనుకుంటరు. 1958 చట్టం పెద్దోళ్లకు కూడ. నాలుగో సెక్షన్ చూడు. తప్పు రుజువైనంక కూడ శిక్ష వెయ్యకుండ, మంచిగుంటనని మూడేండ్ల దాకా బాండు రాయించుకొని వదలొచ్చు. ప్రొబేషన్ ఆఫీసరు నిగరానీ పెట్టొచ్చు. ఆ నిగరానీకి ఏ షరతులు పెట్టొచ్చో కూడ అండ్లనే ఉంది. ఎక్కడుండాలె, మత్తుకు దూరంగ ఉండాలె, ఇంకా అదే తప్పు మళ్లీ చెయ్యకుండ జడ్జికి తోచిన ఏ షరతైనా సరే. మోటారు వాహనాల చట్టంల ఇంటర్‌లాక్ పేరే లేదు. అందుకే ఈ దారిల పోతున్న.

మామ: డ్రైవర్లకు ప్రొబేషన్ ఇయ్యొద్దని సుప్రీంకోర్టు అన్నట్టు మా యూనియనోళ్లు చెప్పుకునేది.

వకీలు: నిజమే. 2000లో, దల్బీర్ సింగ్ వర్సెస్ హర్యానా కేసు. నిర్లక్ష్యంగ నడిపి ప్రాణం తీసినోనికి ప్రొబేషన్ దయ చూపొద్దన్నది. అది మనిషి చచ్చిన కేసు మామా. మనోడు ఎవరినీ గుద్దలే. నాకు కావాల్సింది కూడ అదే, గుద్దకముందే ఆపుడు.

ఇక్కడిదాకా వకీలుదే పైచేయి. ఆమె ఫైల్లో న్యూ మెక్సికో సంగతి కూడా ఉంది. 2005లో మొదటిసారి దొరికినవాళ్లందరికీ ఈ పరికరం తప్పనిసరి చేసిన తొలి అమెరికా రాష్ట్రం అది. అంతకు చాలా ముందు, 1986లోనే, కాలిఫోర్నియా దీనికి చట్టం తెచ్చి ప్రయత్నించి చూసింది. ఇప్పుడు అక్కడ 50 రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో ఉంది. పరికరం బిగించి ఉన్నంతకాలం మళ్లీ తాగి నడిపి దొరకడం సుమారు మూడింట రెండు వంతులు తగ్గిందని అక్కడి అధ్యయనాలు చెబుతున్నాయి. పెద్దాయన ఆ మాటలోంచి ఒక్క ముక్కే పట్టుకున్నాడు.

మామ: 'బిగించి ఉన్నంతకాలం' అంటివి. పీకినంక?

వకీలు: పీకినంక మళ్లా పాత లెక్కకే వస్తది.

మామ: అంటే మనిషి మారలే. కారు మారింది.

వకీలు: మారకపోనీ. అది బిగించి ఉన్నన్నాళ్లు ఎవరూ చావకుంటే చాలదా? పదిహేను వేల జుర్మానా ఏం మారుస్తది? ఎయిర్‌పోర్టు ట్రిప్పులు నాలుగు ఎక్కువ కొడతడు, కడతడు. లైసెన్సు సస్పెండ్ చేస్తే లైసెన్సు లేకుండ నడుపుతడు. గోషామహల్ ట్రాఫిక్ ఇన్‌స్టిట్యూట్‌ల పెండ్లాంను పక్కన కూసోబెట్టి కౌన్సెలింగ్ ఇచ్చిన్రు మొదటిసారి. వీడియో చూసి ఏడ్చిండట. చౌరస్తల ప్లకార్డు పట్టుకొని నిలబెట్టే జడ్జిలు ఉన్నరు. వాటిల ఒక్కటన్నా రాత్రి పదకొండింటికి తాళంచెవి తిప్పే చెయ్యిని పట్టుకుంటదా?

నా ఓటు ఈ మాటకే. మన శిక్షలన్నీ పొద్దున కోర్టులో పడతాయి, తాగి నడపడం రాత్రి జరుగుతుంది. అయితే పెద్దాయన వాదన ఇంకా మొదలుకానేలేదని నాకు అప్పుడు తెలియదు.

మామ: బిడ్డా, నా గేటు ఎందుకు పనిచేసిందో చెప్త విను. మిషన్ గొప్పది గాదు. పాతబడితే తప్పు చూపేది, బ్యాటరీ పోయేది. గేటు ఉంది, గేటు కాడ నేనున్న. నేను సైగ చెయ్యంది బస్సు కదలదు. ఊదుతున్నోని మొఖం చూస్తుంటి. వాని బిడ్డ పెండ్లి తెలుసు, వాని అప్పు తెలుసు, రాత్రి ఎక్కడ పండిండో తెలుసు. పైపుల బీప్ రాకున్నా కండ్లు చూసి, ఇయ్యాల స్పేర్‌ల కూసో, అని పక్కన పెట్టిన రోజులున్నయి. నీ డబ్బా కాడ ఎవడుంటడు?

వకీలు: కెమెరా ఉంటది. ఊదినోడు ఎవడో ఫోటో తీస్తది. బండి నడుస్తుండంగ మధ్యమధ్యల మళ్లా ఊదమంటది, ముందుగాల ఇంకోనితోని ఊదించి ఎక్కితే దొరుకుతడు. అప్పుడు ఊదకపోతే ఇంజన్ ఆపదులే, ఔటర్ మీద 120ల పోయే కారు నడుమల ఆగిపోతే ఇంకో ప్రమాదం. హారన్ కొడతది, లైట్లు కొడతది, రాసి పెట్టుకుంటది. నెలకో రెండు నెలలకో సెంటర్‌కు తీసుకపోయి సరిచూపియ్యాలె. అక్కడ లెక్కంతా బయటపడతది.

మామ: ఆ లెక్క ఎవరికి పోతది?

వకీలు: ప్రొబేషన్ ఆఫీసరుకు.

మామ: నువ్వు జిందగీల ఎందరు ప్రొబేషన్ ఆఫీసర్లను చూసినవ్?

ఆమె నవ్వింది, జవాబివ్వలేదు. ఆయన వదల్లేదు.

మామ: హైదరాబాద్ ఆటోల మీటర్ ఉంటది. సర్కారు సీలు వేసిన మీటరే. అది ఆఖరుసారి ఎప్పుడు తిరగంగ చూసినవ్? టాక్సీలకు స్పీడ్ గవర్నర్ ఉండాలెనని రూలు. ఫిట్‌నెస్ రోజు ఉంటది, మర్నాడు వైరు ఊడుతది. ప్యానిక్ బటన్ ఉండాలె. వొత్తి చూడు ఎవరన్న పలుకుతరేమో. డబ్బాలు తెచ్చి పెట్టుడు మనకు మస్తు వచ్చు. డబ్బా వెనక మనిషిని పెట్టుడే రాదు.

వకీలు: అందరి వైర్లు ఊడినయని ఈ ఒక్కని వైరు కూడ వద్దంటవా? వీడు జడ్జి ముందు బాండు రాసిచ్చేటోడు. వైరు ఊడితే ప్రొబేషన్ రద్దయి ఆపిన శిక్ష మీద పడతది. ఆటో డ్రైవర్‌కు ఆ భయం లేదు.

మామ: భయమే కావాల్నంటే డల్లాస్ పోరగాళ్లను చూడు. మన ఊరోళ్లే చెప్తరు గదా. అక్కడ తాగి దొరికితే కోర్టు సంగతి తర్వాత, ముందు వీసా పోతది.

వకీలు: 2015 నుంచి ఆ పద్ధతి ఉంది. కేసు తేలకముందే, అరెస్టయిందంటేనే వీసా రద్దు చెయ్యొచ్చు. టెక్సాస్‌ల రెండోసారి దొరికితే జమానత్ మీద వదిలేటప్పుడే ఇంటర్‌లాక్ షరతు కూడ పెడతరు. అయినా మనోళ్లు తాగి నడుపుడు బంద్ అయిందా? పార్టీ నుంచి లేచి కారెక్కేటోనికి వీసా యాదికి రాదు మామా. ఎదురుంగ పైపు ఉంటే యాదికి తెచ్చుకునే పనే లేదు.

ఖర్చు దగ్గర ఇద్దరూ కాసేపు ఒకే వైపు నిలబడ్డారు. అమెరికాలో నెల కిరాయి డెబ్బై నుంచి వంద డాలర్ల దాకా ఉంటుంది. ఇక్కడి క్యాబ్ డ్రైవర్‌కు అది కిస్తీలో సగం. కాలిఫోర్నియాలో ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారని ఆమె చెప్పింది. ఇక్కడ తగ్గించేదెవరని ఆయన అడిగాడు. ఇంట్లో మూడు కార్లున్న వాడికి ఒక కారుకు డబ్బా బిగిస్తే రెండో కారు తీస్తాడన్న సంగతి ఇద్దరికీ తెలుసు. అక్కడ కూడా కోర్టు ఆదేశించినా, నాకు కారే లేదని చెప్పి బిగించుకోకుండా తప్పించుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఆ లోపల తలమీదుగా ఒక విమానం దిగుతూ పోయింది. ఈ ఊళ్లో మాట మధ్యలో ఆపి, చప్పుడు తగ్గాక అందుకోవడం అలవాటు. వకీలు దాన్నే అందుకుంది.

వకీలు: అది నడిపేటోడు కూడ ఊదే ఎక్కాలె. పైలట్లకు చుక్క కూడ ఉండొద్దని డీజీసీఏ రూలు. మొదటిసారి దొరికితే మూడు నెలలు లైసెన్స్ సస్పెండ్, రెండోసారి మూడేండ్లు, మూడోసారి పూర్తిగ రద్దు. అందులకెల్లి దిగినోళ్లను ఎక్కించుకొని ఔటర్ మీద తీసుకపోయేటోణ్ని మాత్రం ఎవ్వరూ ఊదమనరు. పోలీసులు ఆపితే ఆపినట్టు.

మామ: అగో, ఇప్పుడు దారికొచ్చినవ్. పైలట్‌కు కూడ గేటు ఉంది. కంపెనీ ఉంది, డాక్టర్ ఉన్నడు. నేననేది గదే. శిక్ష లెక్క గాదు, నౌకరి లెక్క పెట్టు. దొరికినోనికి గాదు, ఎక్కే ప్రతోనికి.

వకీలు: ఫ్రాన్స్ చేసింది. బడిపిల్లల బస్సులతోని మొదలుపెట్టి 2015 కల్లా ప్యాసింజర్ కోచ్‌లన్నిటికీ పెట్టించింది. యూరప్‌ల ఇప్పుడు కొత్త కార్లకు దీన్ని తగిలించే వీలు కంపెనీలోనే చేసి ఇయ్యాలె. నేను కాదంటలేను. కానీ ఆ రూలు వచ్చేదాకా వీణ్ని ఏం చెయ్యమంటవ్? వాయిదా రేపు.

మామ: వీని సంగతే అడుగుతున్న. నీ కాగితంల రాసినవా, రెండోసారి ఏ బండి మీద దొరికిండో?

వకీలు: రాసిన.

మామ: బైకు.

వాకిట్లో ఉన్న మూడో మనిషికి, అంటే నాకు, ఈ సంగతి అప్పుడే తెలిసింది. మొదటిసారి దొరికింది కారుతోనే. అందుకే రెండోసారి కారు ఇంటి ముందు పెట్టి, కవరు కూడా కప్పి, నాయన బైకు తీసుకుని తుక్కుగూడ దాకా పోయి వస్తూ సర్వీసు రోడ్డు మీద దొరికాడు. ఔటర్ మీదికి బైకులను రానివ్వరు, సర్వీసు రోడ్డు మీదే పోవాలి. చెకింగ్ అక్కడే పెట్టారు. తెలివి తక్కువవాడేం కాదు. కారును కాపాడుకున్నాడు.

మామ: కారుకు తాళం వేస్తివి. కారు ఆ రోజు ఇంట్లనే ఉంది బిడ్డా, నీ తాళం లేకుండనే.

వకీలు: తెలుసు.

మామ: దేశంల రోడ్డు మీద చచ్చేటోళ్లల్ల బైకులోళ్లే ఎక్కువ అని పేపర్ల చదివిన.

వకీలు: 2022ల లక్షా అరవై ఎనిమిది వేల మంది పోయిన్రు. అండ్ల టూవీలరోళ్లే 44 శాతం దాకా.

మామ: మొన్న అక్టోబర్ల కర్నూలు కాడ చిన్నటేకూరుల ఏమయింది? 2025, 24వ తారీకు. తాగినోడు బైకు మీద పోయి డివైడర్‌కు గుద్దుకుండు. రోడ్డు మీద పడ్డ బైకును హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే బస్సు ఈడ్చుకపోయింది. 19 మంది ప్యాసింజర్లు కాలిపోయిన్రు. ఆ బస్సు డ్రైవర్‌ను నేను గేటు కాడ ఊదించినా ఏం ఫాయిదా? తాగింది ఇంకోడు. తాగి నడిపేటోళ్లు టెర్రరిస్టులని హైదరాబాద్ కమిషనర్ సజ్జనార్ అన్నడు ఆ తర్వాత. అంటడు, అనాలె. మరి వైన్స్ పక్కన పర్మిట్ రూమ్ సర్కారే ఇచ్చె. అండ్ల కూసొని తాగినోడు బయటికొచ్చి దేని మీద పోతడనుకున్నరు? వాకిట్ల వరసగ నిలబెట్టినయన్ని బైకులే గదా.

వకీలు: వీడు పర్మిట్ రూమ్‌కు పోలే. కల్లు తాగిన అంటున్నడు.

మామ: కల్లా? కల్లు మందెట్లయితది!

ఈ మాట ఆయన వాదన కోసం అన్నది కాదు, నమ్మి అన్నది. డిపో గేటు దగ్గర అన్నేళ్లు కూర్చున్న మనిషి కూడా కల్లును మందు కింద జమకట్టడు. ఈ వైపు ఊళ్లలో ఎవరూ కట్టరు. ఈత కల్లు ఒంటికి చలువ, పొద్దుటిది అయితే మరీ మంచిది, పెండ్లికీ చావుకూ ఉండాల్సిందే. ప్లాటినం సెల్‌కు మాత్రం ముంతా సీసా ఒకటే. మేనకోడలు ఆయన్ని వేళాకోళం చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు.

వకీలు: అందుకేనంటున్న మామా, మనిషి మారాలె మనిషి మారాలె అని కూసుంటే కాదు. నువ్వే మారలే. పైపు వాదించదు, కల్లా విస్కీయా అని అడగదు.

మామ: పైపు కారుకు ఉంది. కల్లు తాగి పోయింది బైకు మీద.

వకీలు: సరే, ఇట్ల రా. నువ్వే చెప్పు, ఏం రాయాలె. 'ముద్దాయి తన పేరిట ఉన్న కారులో ఇంటర్‌లాక్ పరికరం బిగించుకోవలెను' అని రాసిన.

మామ: 'తన పేరిట ఉన్న' కొట్టెయ్. 'నడిపే ఏ బండైనా' అని రాయి.

వకీలు: అట్ల రాస్తే బైకు కూడ వస్తది. బైకుకు పెట్టే పరికరం ఇక్కడ ఎక్కడ తెస్తం? కారుకే తెప్పించాలె, ఆర్టీవోను ఒప్పించాలె, వైరు కోస్తే వారంటీ పోతదని షోరూమోడు అంటడు. జడ్జి ఇదంతా చూసి పక్కన పడేస్తడు.

మామ: అయితే బైకు అసలే నడపొద్దని రాయి.

వకీలు: రాస్త. బైకు మీ తమ్ముని పేరు మీదుంది. తాళంచెవి ఎక్కడుంటది?

మామ: దర్వాజ పక్కన మేకుకు.

వకీలు: మీ తమ్ముడు కొడుకును ఆపుతడా?

మామ: వాడేం ఆపుతడు. వాడే కొడుకు ఎనక కూసొని కల్లు కాడికి పోతడు.

వకీలు: అయితే తాళంచెవి నీ కాడ పెట్టుకో. రోజూ రాత్రి బైకు నీ వాకిట్ల ఉండాలె. పొద్దుగాల పాలకు తమ్ముడొచ్చి తీస్కపోతడు. బాండుకు జామీను నువ్వే ఉండు. డబ్బా వెనక మనిషి కావాల్నంటివి గదా.

మామ: జామీనంటే? వాడు తప్పితే?

వకీలు: బాండు పైసలు నీ కాడ వసూలు చేస్తరు.

మామ: ఎంత?

వకీలు: జడ్జి ఎంతంటే అంత.

పెద్దాయన కండ్లద్దాలు పెట్టుకున్నాడు. కాగితం అందుకుని మొదటి లైను నుంచి, పెదవులు కదుపుతూ చదవడం మొదలుపెట్టాడు. రెండో పేజీ దగ్గర ఆగాడు.

మామ: ఇక్కడ మూడేండ్లని ఉంది. తగ్గియ్యొచ్చునా?

వకీలు: నిగరానీ ఏడాదికి తక్కువ ఉండొద్దని చట్టం.

మామ: అయితే ఏడాది రాయి. ముందు ఏడాది చూస్త.